హార్కర్‌కి మా వదిన ఓటు

డులూత్, మిన్నెసోటా
16 అక్టోబరు 1977

అమ్మాయ్ కోరిన్,

ఎలా ఉన్నావు? మా వాడెలా ఉన్నాడు? వేసవిలో నేనొచ్చినప్పుడు పట్టుకున్న ఆ దగ్గు వదిలిందా? ముప్ఫై ఏళ్ళుగా ఉత్తరాలు రాస్తున్నాను, హాలిస్ ఒక్కదానికైనా జవాబు రాసిన పాపాన పోలేదు. సొంత తమ్ముడి కబుర్లు మరదలి చేతిరాతలో చదువుకోవాలని నా నుదుట రాసిపెట్టి ఉంది. ఫోను చేద్దామంటే నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి తనకిష్టమైనవే వింటుంది.

ఇక్కడ సరస్సు మీద అప్పుడే చలిగాలి మొదలైంది. ఇనుప ఖనిజం ఓడలు గడ్డకట్టేలోపు వెళ్ళిపోవాలని ఒకటే హడావిడి. నేను హెర్రింగ్ చేపలు ఉప్పులో వేసి సీసాలకెత్తాను. రెండు సీసాలు నీకు పంపుతాను. నువ్వు మూతి ముడుచుకుంటావు కానీ వాడు తింటాడు.

ఇక అసలు సంగతి. బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగులో నిలబడే వాళ్ళ పేర్లు పత్రికలో వేశారు. మీ ఆయన ఆరాధ్యదైవం డెల్ హార్కర్ పేరుంది. ఇదే ఆఖరి ఏడట. పదిహేనేళ్ళు పత్రికల వాళ్ళు ఓట్లేసి కాదన్నాక పేరు తీసేస్తారు. నూటికి డెబ్బై అయిదు మంది ఔనంటేనే కదా కూపర్స్‌టౌన్‌లో ఆ హాలు గోడ మీదికి కంచు పలక ఎక్కేది. పోయినేడు అరవై ఆరు దగ్గర ఆగిపోయాడు.

నా మాట వాడికి చదివి వినిపించు. హార్కర్ బంతి బాగా విసిరేవాడు, మంచి పిచరే, నేను కాదనను. మంచివాళ్ళందరినీ ఎక్కిస్తే ఆ గోడ చాలదు. రెండువందల పదకొండు ఆటలు గెలిచాడు, సరే. నూట తొంభై ఓడాడు కూడా. అన్ని ఓటములు మూటగట్టుకున్న వాడికి పలకెందుకు? మన జట్టులోంచి ఎవరైనా వెళ్ళాలంటే మన షార్ట్‌స్టాప్ వర్జిల్ స్టౌట్ వెళ్ళాలి. స్టౌట్‌ని దాటి బంతి పోయిందంటే తప్పు ఆ బంతిదే.

వాడు ఉడుక్కుంటే ఎంతసేపు ఉడుక్కున్నాడో రాయి.

మీ వదిన,
అడలీన్


క్విన్సీ, ఇల్లినాయ్
30 అక్టోబరు 1977

వదినగారికి,

మీ ఉత్తరం, చేపల సీసాలు అందాయి. ఒక సీసా మూత వదులైంది. తపాలా ఆయన సంచీ మొత్తం వాసనేసి, ఇప్పుడు మా గేటు దగ్గర ముక్కు మూసుకుని నిలబడుతున్నాడు.

మీ మాటలన్నీ చదివి వినిపించాను. "మా అక్కకి ఆటేం తెలుసే, అది స్టౌట్‌గాడి మీసం చూసి మురిసిపోయింది" అన్నారు మీ తమ్ముడు. తర్వాత నన్ను రాసుకోమని చెప్పారు, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. హార్కర్ మంచి వయసులో మూడేళ్ళు నౌకాదళంలో పోయాయి. ఆ మూడేళ్ళూ ఆడి ఉంటే ఇంకో యాభై గెలుపులు ఎక్కడికి పోతాయి? ఆ ఓటముల్లో సగం ఒక్క పరుగు తేడావే. మనవాళ్ళు బ్యాట్లు పట్టుకుని కునుకు తీస్తుంటే పిచర్ ఏం చేస్తాడు? అవతలి జట్టుకి ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా గెలిచిన ఆటలు నలభై ఏడు. "ఈ నలభై ఏడు సంగతి చెప్పమను మీ వదినని" అన్నారు. ఇంత చెప్పేసరికి అలిసిపోయి కాసేపు కళ్ళు మూసుకున్నారు.

దగ్గు సంగతి అడిగారు. వాతావరణం మారుతోంది కదా.

మంచం మేడ మీదనుంచి ముందు గదిలోకి దింపించాం. రేడియో అక్కడే ఉంది కదా అని. సీజన్ అయిపోయాక రేడియో ఎందుకని మీరడగొచ్చు. ఆయన బెల్టుకి నేను మేకుతో ఇంకో రెండు కన్నాలు పొడిచాను. ఆపిల్ జామ్ కాచాను. ఎప్పుడూ గరిటె నాకేసే మనిషి ఈసారి వాసన చూసి బాగుందన్నారు.

థాంక్స్‌గివింగ్ పండక్కి ఎలాగూ వస్తారు కదా. ఈసారి ఒక వారం ముందే రండి. ఇది ఆయన చెప్పమన్న మాట కాదు, నేను పిలుస్తున్నాను.

మీ మరదలు,
కోరిన్


డులూత్
13 నవంబరు 1977

కోరిన్,

నీ ఉత్తరం అందింది. ఈసారి థాంక్స్‌గివింగ్‌కి రాలేను. మోకాలు సహకరించడం లేదు, దారంతా మంచు పడుతుందంటున్నారు. నాకోసం గుమ్మడి తీపి రొట్టె చేయకు. నేను లేకపోతే అది తినేవాళ్ళుండరు.

ఎందుకో ఈ మధ్య ముప్ఫై నాలుగులో ఆట పదే పదే గుర్తొస్తోంది. నువ్వు ఇప్పటికే చాలాసార్లు విని ఉంటావు, అయినా రాస్తాను. హాలిస్‌కి పద్దెనిమిదేళ్ళు. కౌంటీ జట్టుకి పిచర్. ఆరు ఇన్నింగ్స్ అయిపోయాయి, అవతలి వాళ్ళు ఒక్క హిట్ కొట్టలేదు. ఆట చివరిదాకా అలాగే నిలిస్తే పిచర్‌కి అంతకన్నా ఘనత లేదు. మా నాన్న మమ్మల్నందరినీ చూసి వేలు పెదాల మీద పెట్టాడు. అంతే, ఎవరూ సీటు మారకూడదు, కాలు మీద కాలేసుకున్న వాళ్ళు తీయకూడదు. అమ్మ ఒళ్ళో ఉన్న నీళ్ళ సీసా అలాగే పట్టుకుని కూర్చుంది. బెంచీ మీద హాలిస్ ఒక్కడే. కుర్రాళ్ళందరూ ఆ చివరికి జరిగిపోయారు. ఎవరూ వాడి పక్కన కూర్చోరు, మొహంలోకి చూడరు. అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే మాట్లాడరు. పైకి అన్నామంటే చెదిరిపోతుంది.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మా బర్డెట్ బావ నిమ్మరసం తాగుతూ వచ్చి, "ఒరేయ్ హాలిస్, ఇంకా ఒక్క హిట్ కూడా పడలేదురోయ్" అని అరిచాడు. తర్వాతి బంతికే పడింది. క్రిస్మస్ దాకా బర్డెట్‌తో ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. పెళ్ళయిన కొత్తలో నువ్వూ అలాగే నోరు జారితే మా నాన్న నిన్ను తీసుకెళ్ళి కారులో కూర్చోబెట్టాడు, గుర్తుందా? మీ పుట్టింట్లో పందుల గురించి తప్ప ఆటల గురించి ఎవరూ చెప్పలేదని నేను వెనకేసుకొచ్చాను.

హార్కర్ సంగతి. నలభై ఏడు బాగానే ఉంది. కానీ ఆ ఆటలన్నీ ఎవరి మీద ఆడాడు? అట్టడుగు జట్ల మీద. పెద్ద జట్ల మీద ఎన్ని ఉన్నాయో లెక్క తీయమను. తీరిక దొరుకుతుందిగా వాడికి.

అడలీన్


క్విన్సీ
4 డిసెంబరు 1977

వదినగారికి,

పండగ అయిపోయింది. చిన్న టర్కీ తెచ్చాను. అదీ మిగిలిపోయింది. ఆయన రెండు చెంచాల రసం తాగి, నా వంట చాలా బాగుందని మెచ్చుకున్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన నా వంటని మెచ్చుకున్నది లేదు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మీరు కూర్చున్న సీట్లోంచి కదలని మనుషులు. మీ ఇంట్లో అందరూ అంతే. మా పుట్టింట్లో పంది నలతగా ఉంటే పక్కింటివాళ్ళు వచ్చి ఏమైందని అడిగేవాళ్ళు. ఇదివరకు మీ ఉత్తరం విప్పితే మొదటి మాటే "ఎలా ఉన్నారు" అని ఉండేది. పోయిన ఉత్తరం వెనకా ముందూ తిప్పి చూశాను. ఎక్కడా లేదు.

నేను మీ తమ్ముడికి ఒక మాట ఇచ్చాను. అందుకని నా అంతట నేను ఏమీ రాయకూడదు. మీరు అడిగితే మాత్రం అబద్ధం చెప్పను. ఇంతకన్నా ఎలా చెప్పాలో నాకు తెలియదు.

పెద్ద జట్ల మీద పదిహేడు. ఆయన మంచం మీదే రెండు రోజులు లెక్క తీశారు. మొదట పంతొమ్మిది అన్నారు, తర్వాత లెక్క తప్పిందని పదిహేడు చేశారు. "అక్కకి దొరికిపోతాం, సరిగ్గా రాయి" అన్నారు.

కోరిన్


డులూత్
3 జనవరి 1978

కోరిన్,

నీకు నా మీద కోపంగా ఉంది. నీ అక్షరాలు మామూలుగా గుండ్రంగా ఉంటాయి, ఈసారి కాగితం చిరిగేలా ఉన్నాయి. ఉండనీ. నేనేమీ అనను.

క్రిస్మస్‌కి ఒక్కదాన్నే ఉన్నాను. కాఫీ కాచుకుని, మా ఆయన ఉన్నప్పుడు దాచిన పాత బేస్‌బాల్ పత్రికలు అటక మీదనుంచి దింపాను. హార్కర్ ఆడిన కాలమంతా మొదటినుంచి చదివాను. పెద్ద జట్ల మీద పదిహేడు నిజమే. యాభై ఒకటిలో అతను ఓడిన ఆటలు చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఒకటి సున్నా, రెండు ఒకటి, ఒకటి సున్నా. అలాంటి జట్టుతో అన్నేళ్ళు ఉండిపోయాడు. ఇంకో జట్టుకి పంపించమని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

వాడికి ఇలా చెప్పు. అక్క ఓడిపోయింది. ఓటు నా చేతిలో ఉంటే ఈ ఏడు హార్కర్‌కే వేస్తాను. ఆ గోడ మీద అతనికి చోటుండాలి. స్టౌట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. మొదటినుంచీ హాలిస్ చెప్పిందే సరైంది, నేనే మొండిగా వాదించాను. ఇది నువ్వు మెల్లగా, బాగా వినపడేలా చదువు.

ఫలితం ఈ నెల మూడో వారంలో. మా చర్చిలో కొవ్వొత్తి వెలిగించాను, పాదిరీగారు ఎవరికోసమని అడిగితే ఎడమచేతి పిచర్‌కి అన్నాను. మా వాడిదీ ఎడమచెయ్యే కదా.

అడలీన్


క్విన్సీ
20 జనవరి 1978

వదినగారికి,

ఫలితం మీరు పత్రికలో చూసే ఉంటారు. హార్కర్‌కి పదకొండు ఓట్లు తక్కువయ్యాయి. రేడియోలో చెప్పినప్పుడు ఆయన మెలకువగానే ఉన్నారు. "పోనీలే" అన్నారు. పదిహేనేళ్ళుగా ప్రతి జనవరిలో ఈ వార్త వచ్చిన రోజు పత్రికల వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టి, గరాజులోకి పోయి సుత్తితో ఏదో ఒకటి బాదే మనిషి. "పోనీలే" అంటే భరించడం నావల్ల కాలేదు.

మీ ఉత్తరం చదివి వినిపించాను. మెల్లగానే చదివాను, మీరు చెప్పినట్టే. నవ్వుతారనుకున్నాను. మళ్ళీ చదవమన్నారు. చదివాను. గోడవైపు తిరిగి పడుకుని ఆ పూట నీళ్ళు కూడా ముట్టలేదు. ఇన్నేళ్ళు సరిసమానంగా పోట్లాడిన మనిషి ఉన్నట్టుండి భిక్షం వేసినట్టు ఒప్పుకుంటే ఎవరికి సంతోషంగా ఉంటుంది?

హార్కర్ ఓడిన ఆటల మీద మీకు కడుపు తరుక్కుపోయింది. మంచిది. మీ తమ్ముడు ఎలా ఉన్నాడని రాయడానికి ఒక్క వాక్యం దొరకలేదు.

ఇక దయచేసి ఆటల గురించి రాయకండి. చదివి వినిపించే ఓపిక నాకు లేదు.

కోరిన్


డులూత్
5 ఫిబ్రవరి 1978

కోరిన్,

వాడు పోయాడన్న నీ టెలిగ్రాం అందిన గంటలో బయల్దేరాను. మాడిసన్ దాకా వచ్చాక బస్సు ఆపేశారు, ముందు దారి మూసుకుపోయిందన్నారు. బస్టాండు బల్ల మీద రెండు రోజులు కూర్చున్నాను. నా తమ్ముణ్ణి మట్టిలో పెట్టే వేళకి నేను అక్కడ కాగితం కప్పులో కాఫీ పట్టుకుని ఉన్నాను. తర్వాత వెనక్కి పంపేశారు.

నాకు తెలుసు కోరిన్. నవంబరు మొదట్లోనే తెలుసు. బర్డెట్ మీ ఊరి ఆస్పత్రి మెట్ల మీద మిమ్మల్నిద్దరినీ చూశాడట. లోపల ఎవరినో అడిగి కనుక్కుని, "హాలిస్‌కి ఊపిరితిత్తుల్లో రాచపుండట, వేసవి దాటడటగా" అని నాకు కార్డు ముక్క మీద రాశాడు. నోటిదురద వాడికి ముసలితనంలోనూ పోలేదు. ఆ కార్డు పొయ్యిలో పడేశాను.

నువ్వు మంచం దింపించామని రాశావు, రేడియో కోసమని. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళకి మా మరదలు కూడా మా పద్ధతి నేర్చుకుంది, పైకి అనకుండా నెట్టుకొస్తోంది అనుకున్నాను. అందుకే నేనూ అడగలేదు. పెట్టె రెండుసార్లు సర్దాను, రెండుసార్లూ విప్పాను. నేను ఎప్పుడూ లేనిది పండగకి వారం ముందే దిగి వాడి పక్కన కూర్చుంటే ఇంక అనడానికి మిగిలేదేముంది? నేను నా చోట కదలకుండా ఉన్నంతకాలం వాడు ఆడుతూనే ఉంటాడని నమ్మాను. అరవై ఆరేళ్ళొచ్చాయి నాకు. నిజంగానే నమ్మాను.

హార్కర్ మీద రాసిన ఆ ఉత్తరం మాత్రం ఆగలేక రాశాను. వాడికి ఒక్క పూటైనా సంతోషంగా ఉంటుందనుకున్నాను. వాడు గోడవైపు తిరిగాడని నువ్వు రాశాక బుర్రకెక్కింది. నేను పోట్లాట మానేశానంటే వాడికి అర్థం కాదా? అందరూ నోరు కుట్టేసుకుని కూర్చుంటే నేను లేచి నిలబడి అరిచినట్టే చేశాను. బర్డెట్‌కీ నాకూ ఏం తేడా? నేనే చెడగొట్టాను. ఏ పని చేస్తున్నా ఇదే తిరుగుతోంది మనసులో.

వాడు నన్ను తలుచుకున్నాడా? రాయాలనిపిస్తే రాయి. లేకపోతే వద్దు, నేనేమీ అనుకోను.

అడలీన్


క్విన్సీ
19 ఫిబ్రవరి 1978

వదినా,

మీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. మీకు జవాబు రాయకుండా ఉండిపోదామనుకున్నాను. అడిగారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పండగకి రాలేనని మీరు రాసిన ఉత్తరం చదివినప్పుడు ఆయన నవ్వారు. "అక్కకి తెలిసిపోయిందే" అన్నారు. ఎలా చెప్పగలరన్నాను. "దగ్గు సంగతి అడగలేదు చూశావా" అన్నారు. నేను నమ్మలేదు. మిమ్మల్ని వెనకేసుకొస్తున్నారనుకున్నాను. నిజంగా తెలిసి రాకపోతే అది ఇంకా ఘోరం కదా అనిపించింది. రమ్మని రాయనా అని అడిగాను. "వద్దు, అక్కని కూర్చున్నచోట కూర్చోనీ. ఇప్పటిదాకా బాగానే నడుస్తోంది" అన్నారు. మంచం దిగి నాలుగడుగులు వేయలేని మనిషి బాగానే నడుస్తోందంటే నేనేం చేయను? మీ అక్కాతమ్ముళ్ళిద్దరూ నా నెత్తిన కూర్చుని మౌనం పాటించారు. ఈ ఇంట్లో నేను ఒక్కదాన్నే దుప్పట్లు ఉతుక్కుంటూ ఉన్నాను.

హార్కర్ ఉత్తరం రోజు ఆయన అన్న ఒక మాట మీకు రాయకూడదనుకున్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాక, "అక్క ఒప్పుకుందంటే నా పని అయిపోయినట్టే" అన్నారు. మీరు భయపడ్డది నిజమే, ఆయనకి అర్థమైంది. కానీ దాని తర్వాత జరిగింది కూడా చదవండి. మీకు ఆ కోపం ఉత్తరం పోస్టు చేసిన మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచి మంచం మీద కూర్చోమన్నారు. "ఇంక దాచేదేముందే" అని మొదలుపెట్టారు. అక్టోబరు నుంచి తన జబ్బు గురించి నోరు మెదపని మనిషి ఆ వారమంతా మాట్లాడారు. తనని ఎక్కడ పూడ్చాలో చెప్పారు. తన పడవ ఎవరికివ్వాలో చెప్పారు. చలికాలంలో నేను ఒక్కదాన్నీ ఈ ఇంట్లో ఉండగలనా అని అడిగారు. నాకు భయమేస్తోందని నేనన్నాను. తనకీ భయంగానే ఉందన్నారు. ఇద్దరం ఏడ్చాం. మీరు ఆ ఉత్తరం రాయకపోతే ఆయన ఇదేదీ చెప్పకుండా, అలా ఏమీ జరగనట్టే వెళ్ళిపోయేవారు. మీరు చెడగొట్టారో ఏం చేశారో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ వారం దక్కింది.

మంచు తుఫాను మొదలైన రోజు, "ఇంక అక్కని రమ్మను" అన్నారు. "అంత తేలిగ్గా ఒప్పుకుంటే నేనొప్పుకోనని చెప్పు. వచ్చి సరిగ్గా పోట్లాడమను" అన్నారు. నేను ఫోను ఎత్తాను. తీగలు తెగిపోయాయి, టెలిగ్రాం ఇద్దామంటే ఆఫీసు దాకా వెళ్ళే దారి లేదు. రెండు రోజులు ఎత్తుతూ, పెడుతూ ఉన్నాను, చెవిలో చప్పుడే లేదు. "దొరికిందా" అని అడిగేవారు. "ఇంకా లేదు" అనేదాన్ని. మూడో రోజు పొద్దున అడగలేదు.

కాబట్టి తలుచుకున్నారు వదినా. చివరిదాకా మిమ్మల్నే తలుచుకున్నారు.

ఇదంతా మిమ్మల్ని ఊరడించడానికి రాయలేదు. నాకు మీ మీద కోపం ఇంకా పోలేదు, ఆయన మీద కూడా పోలేదు. మీ ఇంటి పద్ధతి మీకు మంచిదే కావచ్చు. దానివల్ల ఒకటి జరిగింది, అది మీరిద్దరూ చూసుకోలేదు. ఆయనకి జబ్బు లేనట్టు ఉండాలి కాబట్టి, నాకూ ఏ కష్టం లేనట్టే ఉండాల్సి వచ్చింది. ఆ వారం ఆయన అడిగింది తప్ప, మీ అక్టోబరు ఉత్తరం తర్వాత ఇప్పటివరకూ నన్ను ఎలా ఉన్నావని ఎవరూ ఒక్క మాట అడగలేదు. పూడ్చిన రోజున కూడా వచ్చినవాళ్ళంతా ఆయన ఎంత మంచివాడో చెప్పి, వండిన హామ్ మాంసం తినేసి వెళ్ళిపోయారు.

దారులు తెరిచారు. బస్సులు తిరుగుతున్నాయి. మీరు రండి. లోపలికి రాకముందే, ఆ తలుపు దగ్గరే నిలబడి, కోరిన్ ఎలా ఉన్నావని గట్టిగా అడగండి. నేను చెబుతాను.

కోరిన్